కొత్త చేపను బతకనివ్వని డామినో: నాలుగడుగుల ఉప్పునీటి ట్యాంకులో ఏం చేయాలి?

ప్రశ్న: మాది కావలి. ఏడాదిన్నరగా ఇంట్లో ఉప్పునీటి ట్యాంకు పెంచుతున్నాను. పొడవు 4 అడుగులు, వెడల్పు, ఎత్తు ఒకటిన్నర అడుగు చొప్పున. మొదట్లో మూడు నీలం డామ్సెల్‌లు, ఒక డామినో డామ్సెల్ వేశాను. నీలం వాటిలో ఇప్పుడు ఒక్కటే మిగిలింది. తర్వాత నారింజ ఒంటి మీద మూడు తెల్ల పట్టీలున్న క్లౌన్ ఫిష్ జత తెచ్చాను. అవి ఎడమ మూల మట్టికుండ దగ్గరే తిరుగుతుంటాయి, ఈమధ్య చెయ్యి పెడితే కరుస్తున్నాయి. పది రోజుల కిందట చెన్నై నుంచి ఒక ఫైర్ ఫిష్‌ని, మూడంగుళాల బ్లూ ట్యాంగ్‌ని తెప్పించి వేశాను. ఆ రోజు నుంచీ డామినో వాటిని తరుముతూనే ఉంది. ట్యాంగ్ తోక చిరిగింది. ఫైర్ ఫిష్ పైపు వెనక దాక్కుని తిండికి బయటికి రావడం లేదు. ఇంకో నాలుగు చేపలు వేస్తే దాని కోపం అందరికీ పంచుకుపోతుందని ఒకరన్నారు. ట్యాంకు గ్లాసుకి బయట అద్దం ఆనించి పెట్టమని ఇంకొకరన్నారు. ఏది చేయాలి?

జవాబు: ముందు ఫైర్ ఫిష్ సంగతి చూడండి, మిగతాది రేపు. అది సన్నటి చేప, ఒంట్లో నిల్వ తక్కువ. చిన్న చిన్న మోతాదుల్లో రోజుకి రెండు మూడుసార్లు తింటేనే నిలబడుతుంది. పది రోజులుగా సరిగా తినని ఫైర్ ఫిష్‌కి ఇంక ఎక్కువ గడువు లేదు. ఈ రాత్రి లైట్లు ఆపిన రెండు గంటలకి టార్చి వేసి చూస్తే పైపు వెనకే ఉంటుంది. వల వాడొద్దు, బెదిరి ఎగురుతుంది. ఒక చేత్తో ప్లాస్టిక్ గ్లాసు దాని ముందు పెట్టి, రెండో చేత్తో వెనక నుంచి మెల్లగా అదిలించండి. దొరికాక, కూరగాయలు కడిగే కన్నాల ప్లాస్టిక్ బుట్టలో వేసి, ఆ బుట్టను ట్యాంకు అంచుకే వేలాడదీయండి. నీళ్లు అవే కాబట్టి వేరే ఫిల్టర్ అక్కర్లేదు, వేడి తేడా రాదు. బుట్టలో అరచేయంత పీవీసీ పైపు ముక్క ఒకటి పడుకోబెట్టండి, అందులో దూరి కుదురుకుంటుంది. బుట్టకి పైన మూత తప్పనిసరి. కన్నాలు చేప తల పట్టేంత పెద్దవైతే లోపల నైలాన్ వల కట్టండి.

బుట్టలోకి తిండి కూడా అందేలా ఇవ్వాలి. పొదిగించిన ఆర్టీమియా (రొయ్య జాతి చిన్న ఉప్పునీటి జీవి) పిల్లలు కదులుతుంటాయి కాబట్టి తిండి మానేసిన చేప కూడా వాటికి నోరు తెరుస్తుంది. మీ తీరంలో రొయ్య హేచరీలు ఉన్నందువల్ల ఆర్టీమియా గుడ్ల డబ్బా మీకు దొరకడం కష్టం కాదు, రంగుచేపల కొట్లో కన్నా ఆక్వా సామాన్ల కొట్లో అడగండి. లీటరు ఉప్పునీటికి అర చెంచా గుడ్లు వేసి, అడుగు నుంచి గాలి బుడగలు బాగా పోనిస్తే ఒక రోజులో పొదుగుతాయి. గాలి ఆపి పది నిమిషాలు ఉంచితే పెంకులు పైకి తేలతాయి, పిల్లలు కిందికి దిగుతాయి. కింద నుంచి సన్న గొట్టంతో తీసి, గుడ్డలో వడకట్టి, ఆ ఉప్పునీళ్లు పారబోసి పిల్లల్ని మాత్రమే వేయండి. పెంకులు బుట్టలోకి రానివ్వకండి.

ఇప్పుడు డామినో సంగతి. అది చెడ్డ చేపేమీ కాదు, డామ్సెల్‌ల బతుకే అంత. సముద్రంలో ఒక రాయినో పగడపు గుబురునో తనదిగా చేసుకుని, దాని మీది నాచును, తాను పడుకునే సందును కాచుకుంటుంది. బస్సులో కిటికీ పక్క సీటు మీద తువ్వాలు వేసినవాడి పద్ధతి. సముద్రంలో అయితే తరిమిన చేప పది అడుగులు పారిపోగానే గొడవ తీరిపోతుంది. మీ ట్యాంకులో పారిపోవడానికి ఆ పది అడుగులు లేవు. ఓడిన చేప ఎటు తిరిగినా గెలిచిన చేప కంటికే కనబడుతుంది, అందుకే తరమడం ఆగదు. అంటే తప్పు చేప గుణంలో కాదు, జాగాలో ఉంది. మనం మార్చగలిగిందీ జాగానే.

దుకాణాల్లో డామినోని 'మొదటి చేప'గా అంటగడతారు. చవక, గట్టిది, కొత్త ట్యాంకులో అమ్మోనియా పెరిగినా తట్టుకుంటుంది. అమ్మేటప్పుడు బొటనవేలి గోరంత ఉంటుంది, మూడు తెల్ల చుక్కలతో ముద్దుగా కనబడుతుంది. పెరిగితే 12 నుంచి 14 సెంటీమీటర్లు అవుతుంది. పెరిగేకొద్దీ చుక్కలు మాసిపోతాయి, పట్టు బిగుస్తుంది. పైగా మీ ట్యాంకులోకి అది మొదటి విడతలోనే వచ్చింది. కాచుకునే స్వభావం ఉన్న చేప ముందు వస్తే తర్వాత వచ్చేవన్నీ దాని లెక్కలో చొరబాటుదార్లే. మూడు నీలం డామ్సెల్‌లలో ఒకటే మిగలడం కూడా ఇందులో భాగమే. మూడింటిని కలిపి వేస్తే పెద్దది రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని అణగదొక్కుతుంది. చాలామంది దాన్ని జబ్బు అనుకుంటారు.

మీ ట్యాంకు లెక్క కూడా చూద్దాం. కొలత ప్రకారం 255 లీటర్లు. పైన వదిలిన ఖాళీ, రాళ్లు, ఇసుక తీసేస్తే నికరంగా 200 లీటర్ల నీళ్లు. ఇందులో పెద్ద డామినో, క్లౌన్ జత, నీలం డామ్సెల్, ఫైర్ ఫిష్, ట్యాంగ్ అన్నీ కలిసి ఉండే దారి లేదు. డామినోని పంపించేయండి. ట్యాంగ్‌ని కూడా ఈ ట్యాంకులో ఉంచకూడదు, దాని కారణం వేరు. అది పెరిగితే 30 సెంటీమీటర్ల దాకా అవుతుంది, రోజంతా ఈదుతూ తిరిగే చేప. ఆరడుగుల ట్యాంకు ఉన్నవారికి ఇప్పుడే, చిన్నగా ఉండగానే ఇవ్వడం దానికి మేలు. అలా ఇరుకులో ఉన్న ట్యాంగ్‌లకే తెల్ల మచ్చల జబ్బు ముందుగా పట్టుకుంటుంది.

'ఇంకో నాలుగు చేపలు వేయండి' అన్న సలహా మంచినీటి ఆఫ్రికా సిచ్లిడ్‌ల నుంచి వచ్చింది. అక్కడ ట్యాంకు కిక్కిరిసేలా నింపి, వారానికి సగం నీళ్లు మార్చి నెట్టుకొస్తారు. ఉప్పునీటిలో 200 లీటర్లకి ఆ భారం మోసే శక్తి లేదు. నాలుగు కొత్త చేపలు అంటే నాలుగు చేపల తిండి, నాలుగు చేపల వ్యర్థం. వారంలో అమ్మోనియా కనబడుతుంది, అమ్మోనియా మొప్పలను కాల్చాక ఓడిన చేప ముందు పోతుంది. ఈ సలహా పాటించకండి.

అద్దం కొంతవరకు పనిచేస్తుంది, కానీ మీ సమస్యకి కాదు. ఒక ట్యాంగ్ ఇంకో ట్యాంగ్‌ని తరుముతున్నప్పుడు అద్దంలో తన నీడను చూసి దాని మీదికి పోతుంది, ఆ సందులో కొత్తది తింటుంది. డామినోకి పెట్టినా కొద్దిసేపు మరల్చుకోవచ్చు. పూటకి 20 నిమిషాలు, తిండి వేసే సమయంలో, మూడు నాలుగు రోజులు, అంతే. మూతి గ్లాసుకేసి కొట్టుకుంటుంటే వెంటనే తీసేయండి. రోజంతా పెట్టి ఉంచితే ఆ చేప తిండి మానేసి అద్దం దగ్గరే కాపలా కాస్తుంది.

డామినోని పట్టడం మీరనుకున్నంత తేలిక కాదు. వల పట్టుకుని పట్టపగలు వెంటపడితే రాళ్లన్నీ కూలుస్తారు, మిగతా చేపలన్నిటినీ అదరగొడతారు, అది మాత్రం సందులో కూర్చుని చూస్తుంటుంది. రెండు దారులున్నాయి.

ఒకటి సీసా బోను. 2 లీటర్ల కూల్‌డ్రింక్ సీసాను భుజం దగ్గర అడ్డంగా కోయండి. ఆ పై ముక్కను తలకిందులుగా లోపలికి దోపుతారు కదా, ఇక్కడే చాలామంది పొరపడతారు. సీసా మూతి రంధ్రం రెండు సెంటీమీటర్లే, మీ డామినో ఎత్తే అంతకు రెట్టింపు. మెడ కోసేసి రంధ్రాన్ని 6 సెంటీమీటర్ల దాకా వెడల్పు చేయండి. అంచులు గరుకుగా ఉంటే చేప పొలుసులు గీసుకుపోతాయి, వేడి ఇనుప చెంచాతో అద్ది నున్నగా చేయండి. సీసా చుట్టూ కాల్చిన మేకుతో ఇరవై కన్నాలు పెడితే నీళ్లు ఆడి తిండి వాసన బయటికి పోతుంది. లోపల కడిగిన గులకరాయి వేసి, సీసాకి నైలాన్ తాడు కట్టి, డామినో రాయికి జానెడు దూరంలో పడుకోబెట్టండి. మొదటి రోజు ఏమీ పట్టొద్దు, సీసా అక్కడి వస్తువే అని అలవాటు పడనివ్వండి. రెండో రోజు పొద్దున తిండి మానిపించి, సాయంత్రం పచ్చి రొయ్య ముక్క సీసా లోపల మాత్రమే పెట్టండి. ఇంత వెడల్పు రంధ్రం నుంచి చేప తిరిగి బయటికి రాగలదు కాబట్టి మీరు తాడు చేతిలో పట్టుకుని కూర్చోవాల్సిందే. అది పూర్తిగా దూరగానే ఒక చేత్తో తాడు లాగి, రెండో చేత్తో మూతి మూసేయండి. ట్యాంగ్ ముందుగా దూరితే దాన్ని కదపకండి, తిననివ్వండి. చెయ్యి పెట్టాల్సి వస్తే దాని తోక మొదట్లో రెండు వైపులా ముడుచుకుని ఉండే ముల్లు ఉంటుందని గుర్తుంచుకోండి, బ్లేడులా కోస్తుంది.

రెండో దారి రాయితో సహా ఎత్తడం. డామ్సెల్‌లు బెదిరితే పారిపోవు, తమ రాతి సందులోకే ఇంకా లోపలికి దూరతాయి. రాత్రి ఏ రాతిలో పడుకుంటోందో రెండు రోజులు గమనించి, ఆ రాయి విడిగా ఎత్తగలిగేదైతే, ట్యాంకు నీళ్లు నింపిన బకెట్ పక్కన పెట్టుకుని, రాయిని నిదానంగా ఎత్తి బకెట్‌లో దించేయండి. తొంభై పాళ్లు చేప అందులోనే వస్తుంది.

ఇచ్చేయడానికి మనిషి వెంటనే దొరక్కపోతే డామినోని ఇంకో బుట్టలో పెట్టి రెండు వారాలు ఉంచండి. ఇక్కడ ఒక కిటుకు. ఓడిన చేపను విడిగా పెట్టి కోలుకున్నాక తిరిగి వేస్తే అది మళ్లీ కొత్త చేపే, కథ మొదటికొస్తుంది. తరిమే చేపను విడిగా పెడితే దాని జాగా చేజారుతుంది. ఈలోగా మిగతావి ఆ చోటుకి అలవాటు పడతాయి. రెండు వారాల తర్వాత, రాళ్లు మార్చిన ట్యాంకులోకి అదే కొత్తగా వస్తుంది. చిన్న గొడవలకి, అంటే చిన్న డామ్సెల్‌కీ, గోబీ అనే అడుగున తిరిగే చేపకీ మధ్య వచ్చేవాటికి, ఇది చాలాసార్లు సరిపోతుంది. పెద్దదైపోయిన డామినోకి నెల రోజులకి మించి పనిచేయదు, అందుకే పంపించేయమంటున్నాం.

రాళ్లు మార్చడం తప్పనిసరి పని, తొందరపాటు పనికిరాదు. చాలా ట్యాంకుల్లో రాళ్లన్నీ వెనక గోడకి ఆనించి ఒకే గుట్టగా పేరుస్తారు. చూడటానికి బాగుంటుంది, చేపకి మాత్రం ఆ గుట్ట అంతా ఒకే ఇల్లు, ఒకే యజమాని. దాన్ని మూడు విడి గుట్టలుగా చేయండి. గుట్టకీ గుట్టకీ మధ్య కనీసం 15 సెంటీమీటర్లు, వెనక గ్లాసుకి 5 సెంటీమీటర్లు ఖాళీ. ట్యాంకు ఈ చివర నిలబడిన చేపకి ఆ చివర కనబడకూడదు, అదీ కొలత. ప్రతి సందుకీ రెండు దారులుండాలి. ఒకే దారి ఉన్న గుహలో దూరిన బలహీన చేప బోనులో పడ్డట్టే, తరిమేది గుమ్మంలో కాపు వేస్తుంది. చేపకి రెండు దాగే చోట్ల చొప్పున చూసుకోండి. రాళ్లు చాలకపోతే ఒకటిన్నర అంగుళం యూపీవీసీ ఎల్బోలు, పూత లేని మట్టి కుండల పెంకులు పెట్టుకోవచ్చు, రెండు నెలల్లో నాచు పట్టి రాళ్లలో కలిసిపోతాయి. సిమెంటుతో సొంతంగా చేసిన రాళ్లయితే నాలుగు నుంచి ఆరు వారాలు నీళ్లు మారుస్తూ నానబెట్టాలి, లేకపోతే పీహెచ్ ఎగబాకుతుంది. తీరంలో దొరికే పగడపు ముక్కలు, సముద్రపు విసనకర్రలు (సీ ఫ్యాన్ అనే పగడాల లాంటి జీవులు) తేవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటికి అత్యున్నత రక్షణ ఉంది, ఇంట్లో పెట్టుకోవడం నేరం.

రాళ్లు ఇసుక మీద కాదు, అడుగు గ్లాసు మీద ఆనాలి. గోబీలో రొయ్యలో కింద తవ్వితే ఇసుక మీది గుట్ట జారి గ్లాసు పగులుతుంది. కదిపినప్పుడు రాళ్ల కింద చేరిన మురికి లేస్తుంది కాబట్టి ఆ రోజే 50 లీటర్ల నీళ్లు మార్చండి. అక్వేరియం ఉప్పు 1.8 నుంచి 1.9 కిలోలు పడుతుంది. ముందురోజే ఆర్‌ఓ నీళ్లలో కలిపి పంపు తిప్పి ఉంచాలి. తూకం అంచనాకే, చివరి మాట ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ది: 35 పీపీటీ (వెయ్యి పాళ్లకి 35 పాళ్ల ఉప్పు), అంటే సాంద్రత లెక్కలో 1.025 లేదా 1.026. ఇసకపల్లి కొఠార్ల ఉప్పు అయినా, కిరాణా కొట్టు రాళ్ల ఉప్పు అయినా ఇందుకు పనికిరాదు. మళ్లలో ఉప్పు గడ్డకట్టేటప్పుడు మెగ్నీషియం, పొటాషియం చాలావరకు మిగిలిన చేదునీళ్లతో పోతాయి, చేతికొచ్చేది దాదాపు సోడియం క్లోరైడే. సముద్రపు నీళ్లే తెచ్చుకునేవారు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా జాగ్రత్త పడాలి. ఈశాన్య రుతుపవనాల వానలకి ఏరుల నీళ్లు కలిసి తీరం దగ్గర ఉప్పదనం బాగా పడిపోతుంది. ఏరు సముద్రంలో కలిసే మొగల దగ్గర, రొయ్యల చెరువుల కాలువలు కలిసేచోట ఎప్పుడూ తీయొద్దు.

రాళ్లన్నీ మార్చమన్నాం, ఒక్కటి తప్ప. ఎడమ మూల మట్టికుండ కదపకండి. క్లౌన్‌లు ఉన్నట్టుండి చెయ్యి కరుస్తున్నాయంటే కుండ లోపలో, దాని పక్క గ్లాసు మీదో గుడ్లు ఉండి ఉంటాయి. టార్చి వేసి చూడండి. అతికించినట్టు దగ్గర దగ్గరగా, కొత్తవైతే నారింజ రంగులో, నాలుగైదు రోజుల తర్వాత నల్లబడి, చివరికి వెండి చుక్కల్లాంటి కళ్లతో కనబడతాయి. 27 డిగ్రీల దగ్గర ఏడెనిమిది రోజులకి, చీకటి పడ్డాక పొదుగుతాయి. జతలో పెద్దది ఆడ, చిన్నది మగ. మగది రెక్కలతో గుడ్లకి గాలి ఆడిస్తుంది, ఆడది వచ్చినవాళ్లనల్లా తరుముతుంది. క్లౌన్‌లన్నీ మొదట మగవిగానే ఉంటాయి, అందులో పెద్దది ఆడగా మారుతుంది. అందుకే జతలోకి మూడో క్లౌన్‌ని ఎప్పుడూ వేయకండి, రెండూ కలిసి దాన్ని చంపుతాయి. జత కుదిరాక రెండు మూడు వారాలకోసారి గుడ్లు పెడుతూనే ఉంటాయి కాబట్టి ఆ మూల ఒక అడుగు మేర వాటికే వదిలేయండి. ఇది మీ ట్యాంకు బాగా ఉందన్నదానికి గుర్తు. చేతికి రబ్బరు తొడుగు వేసుకుంటే చాలు. మూడు పట్టీల నారింజ రకం కాబట్టి ఇంతటితో సరిపోయింది. మన తీరాల నుంచి వచ్చే సెబే రకమైతే ముదురు రంగు ఒళ్లు, పసుపు తోకతో ఇంకా పెద్దగా పెరుగుతుంది, దాని కాపలా కూడా ఇంకా గట్టిది. మరోసారి కొనేటప్పుడు తేడా చూసుకోండి.

ట్యాంగ్ తోక గురించి కంగారు పడకండి, తింటున్నదా లేదా అన్నదే చూడండి. తింటుంటే, రెక్క అంచు మాత్రమే చిరిగితే, ట్యాంకు నీళ్లు శుభ్రంగా ఉంటే రెండు వారాల్లో పూడుతుంది, మందు అక్కర్లేదు. చిరిగిన అంచు తెల్లగా బూజులా అయినా, తోక మొదలు ఎర్రబారినా, మిగతా చేపలకన్నా వేగంగా మొప్పలాడిస్తున్నా, రెండు రోజులు తిండి ముట్టకపోయినా వేరే ట్యాంకులోకి మార్చాలి. ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలు ఒంటి మీద కనబడితే అది తెల్ల మచ్చల జబ్బు, తరిమి తరిమి నీరసించిన చేపకి ముందు వచ్చేది అదే. కాపర్ మందు పెద్ద ట్యాంకులో ఎప్పుడూ పోయొద్దు. రొయ్యలు, నత్తలు చచ్చిపోతాయి, రాళ్లు మందును పీల్చుకుని తర్వాత నెలల తరబడి వదులుతుంటాయి. విడి ట్యాంకులో, కాపర్ కిట్‌తో రోజూ కొలుస్తూ మాత్రమే వాడాలి. తెల్లవారుజామున ట్యాంగ్ పాలిపోయి, పక్కకి ఒరిగి రాతి సందులో ఇరుక్కుని కనబడితే భయపడొద్దు, అది నిద్రపోయే తీరే అంత.

తిండి విషయంలో మీరు రోజుకి ఒక్కసారే వేస్తుంటే వెంటనే మార్చండి. ఒకేసారి ఒకేచోట వేసే తిండి బలమైన చేప కడుపులోకే పోతుంది, మిగతావి ఆకలితో దాని జాగాలోకి వస్తాయి, తన్నులు తింటాయి. మూడు పూటలు, కొద్దికొద్దిగా, రెండు చివర్లలో ఒకే క్షణంలో వేయండి. వనామీ రొయ్యను తల, పెంకు తీసి పచ్చిగానే చిన్న ముక్కలు చేసి, ఐస్ ట్రేలో గడ్డకట్టించి పెట్టుకుంటే నెలకి సరిపోతుంది. వేసేముందు కరిగించి, ఆ నీళ్లు వంచేసి కడగండి, ఫాస్ఫేట్ అందులోనే ఉంటుంది. ట్యాంగ్ మీ దగ్గర ఉన్నన్నాళ్లూ దానికి నోరి అనే ఎండు నాచు రేకు రోజుకి రెండు వేళ్లంత, క్లిప్పుకి పెట్టి, డామినోకి దూరంగా కట్టాలి. నాచు తినే చేప ఆకలితో ఉంటే డామ్సెల్ కాచుకునే నాచు మీదికే పోతుంది. ఈ రెండింటి గొడవకి ఇదీ ఒక కారణం కావచ్చు.

కావలి ఎండలు కూడా ఇందులో పాలుపంచుకుంటాయి. ట్యాంకు 30 డిగ్రీలు దాటితే చేపల ఒంట్లో వేగం పెరుగుతుంది, ఆకలి పెరుగుతుంది, నీళ్లలో ప్రాణవాయువు తగ్గుతుంది. అన్నీ గాలి ఆడే చోటుకే చేరి ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. 26, 27 డిగ్రీలు మంచిది. నీళ్లు చల్లబరిచే చిల్లర్ లేకపోతే మూత తీసి నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పండి. రోహిణి కార్తెలో పొడి పడమటి గాలి వీచే రోజుల్లో రెండు మూడు డిగ్రీలు దింపుతుంది, సముద్రపు గాలి తేమగా ఉన్నప్పుడు అంత దిగదు. ఫ్యానుతో రోజుకి నాలుగు లీటర్ల దాకా ఆవిరైపోవచ్చు. ఉప్పు మాత్రం ఆవిరి కాదు. నీళ్లు పోయకుండా ఐదు రోజులు ఊరుకుంటే 35 పీపీటీ కాస్తా 39 దగ్గరికి వస్తుంది. గ్లాసు మీద గీత గీసుకుని, రోజూ ఆ గీత దాకా ఆర్‌ఓ నీళ్లే పోయండి, ఉప్పునీళ్లు కాదు. వీధిలోని వాటర్ ప్లాంటు క్యాన్ వాడేవారు నీళ్లలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటర్‌తో ప్రతి క్యాన్‌నీ చూసుకోవాలి. కరెంటు పోయినప్పుడు నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉండాల్సిందే.

మూత తీస్తే ఫైర్ ఫిష్ ఎగిరి నేలమీద పడుతుంది, తరిమితే మొదట చేసే పని అదే. అందుకే పావు అంగుళం కన్నున్న నైలాన్ వలను చట్రానికి బిగించి ట్యాంకు మీద పరచండి. వలల కొట్లో గజాల లెక్కన దొరుకుతుంది. గాలీ ఆడుతుంది, వెలుతురూ పడుతుంది. ఇనుప జాలీ వాడితే తుప్పు నీళ్లలోకి దిగుతుంది.

డామినో, ట్యాంగ్ వెళ్లాక నెల రోజులు కొత్త చేప వద్దు. తర్వాత వేయాలనుకుంటే పైజామా కార్డినల్, వాచ్‌మన్ గోబీ, టెయిల్‌స్పాట్ బ్లెన్నీ లాంటి నెమ్మదైన వాటిలో రెండు చాలు. సిక్స్ లైన్ రాస్, డాటీబ్యాక్‌లు వద్దు. వేలెడు లేకపోయినా డామినో చేసిన పనే చేస్తాయి. నీలం డామ్సెల్ ఒక్కటే కాబట్టి ఉండనివ్వండి, కానీ పెద్దన్న పోగానే ఆ కుర్చీ ఎక్కాలని చూస్తుంది. ఫైర్ ఫిష్‌ని బుట్ట నుంచి వదిలాక వారం రోజులు దాన్నే కనిపెట్టి ఉండండి.

కొత్తగా వచ్చే ఏ చేపనైనా 60 లీటర్ల విడి ట్యాంకులో నాలుగు వారాలు ఉంచి, తింటున్నదని నిర్ధారించుకున్నాకే పెద్దదాంట్లోకి తేవాలి. చెన్నై నుంచి గంటల తరబడి సంచిలో వచ్చిన చేపను చుక్క చుక్కగా నీళ్లు కలుపుతూ గంటసేపు అలవాటు చేయడం మంచిది కాదు. మూతి విప్పగానే సంచిలోని బొగ్గుపులుసు వాయువు పోయి పీహెచ్ పెరుగుతుంది, అప్పటిదాకా హాని చేయని అమ్మోనియా విషంగా మారుతుంది. అమ్మినవారిని ముందే అడిగి విడి ట్యాంకు ఉప్పదనాన్ని వారి నీళ్లకి సరిపెట్టి ఉంచండి. సంచిని ఇరవై నిమిషాలు తేలించి, చేపను మాత్రం వదిలి, సంచి నీళ్లు పారబోయండి. ఆ తర్వాత ఉప్పదనాన్ని రోజుకి కొంచెం చొప్పున పెంచుకోవచ్చు. పెద్ద ట్యాంకులోకి తెచ్చాక కూడా నేరుగా వదలొద్దు. కన్నాలున్న అక్రిలిక్ పెట్టెలో నాలుగు నుంచి ఏడు రోజులు అందరికీ కనబడేలా ఉంచండి. పాతవి పెట్టెను పొడవడం మాని పట్టించుకోకుండా తిరుగుతున్నప్పుడు, పాతవాటి కడుపు నింపి, లైట్లు ఆపిన తర్వాత మూత తీయండి. మర్నాడు తరిమినా పావుగంటలో ఆగిపోయి, తిండి దగ్గర రెండూ కనబడితే అది మామూలే. గంటల తరబడి ఒకదాన్నే వెంటాడితే మళ్లీ పెట్టెలోకి తీసుకోండి.

ఇక డామినోని, ట్యాంగ్‌ని పంపే సంగతి. తుమ్మలపెంట తీరంలో వదిలేద్దామన్న ఆలోచన రానివ్వకండి. ట్యాంకులో పట్టిన పరాన్నజీవులను అది సముద్రానికి మోసుకుపోతుంది, రాళ్లు లేని ఇసుక తీరంలో అదీ బతకదు. పెద్ద ట్యాంకు ఉన్నవారినో, కొన్న దుకాణాన్నో అడగండి. చాలా దుకాణాలు డబ్బులివ్వకపోయినా తీసుకుంటాయి. పంపే ముందు ఒక రోజు తిండి మానిపించండి, సంచి నీళ్లు పాడవవు. చేపకి ఒక సంచి, లోపల మూలలకి ముడివేసి రెండు పొరలుగా, మూడోవంతు నీళ్లు, రెండు వంతులు ఆక్సిజన్. డామ్సెల్ రెక్క ముళ్లకి ఒక పొర తూట్లు పడుతుంది. థర్మోకోల్ పెట్టెలో పెట్టి రాత్రి బండికి ఎక్కించండి. అవతలివారు తెల్లవారుజామునే దించుకునేలా ముందే మాట్లాడుకోండి.